పిల్లల జ్వరం మందు: బరువును బట్టే మోతాదు



బిడ్డను ఓ.పి.కి తీసుకురాగానే మేము ముందుగా బరువు తూస్తాము. "జ్వరమని వస్తే తూకమెందుకు సిస్టర్?" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. పిల్లలకు చాలా మందుల మోతాదును బరువును బట్టే లెక్క కడతాము. ఏడాది నిండిన ఇద్దరు పిల్లల్లో ఒకరు 7 కిలోలు, మరొకరు 10 కిలోలు ఉండవచ్చు. ఇద్దరికీ ఒకే మోతాదు సరిపోదు.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే చూద్దాం. కిలో బరువుకు 10 నుండి 15 మి.గ్రా. చొప్పున ఒక మోతాదు ఇవ్వాలి. అంటే 10 కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుండి 150 మి.గ్రా. చాలు.

మందు ఒకటే అయినా సీసాలన్నీ ఒకటి కావు. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ ఉంది, 250 మి.గ్రా. ఉండేదీ ఉంది. చంటిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. 10 కిలోల బిడ్డకు 125 మి.గ్రా. ఇవ్వాలంటే మొదటి సిరప్ 5 మి.లీ., రెండవది 2.5 మి.లీ., డ్రాప్స్ అయితే 1.25 మి.లీ. మాత్రమే పోయాలి. డ్రాప్స్‌ను కూడా 5 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు మందు లోపలికి పోతుంది.

మోతాదు బాగా మించితే కాలేయం దెబ్బతింటుంది. మొదటి రోజు బిడ్డ మామూలుగానే కనిపించవచ్చు. అందుకని ఎక్కువ పోశామని అనుమానం వస్తే ఆగకుండా, సీసాతో సహా ఆసుపత్రికి రండి. విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి:

1. వంటింటి చెంచాతో కొలవవద్దు. సీసాతో వచ్చిన కొలత మూత గాని, సూది లేని సిరంజి గాని వాడండి.

2. మోతాదుకూ మోతాదుకూ మధ్య 4 నుండి 6 గంటలు ఉండాలి. 24 గంటల్లో 4 సార్లు మించవద్దు.

3. కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇవ్వవద్దు.

4. పాత చీటీ చూసి గాని, అన్నకు రాసిన మందు తమ్ముడికి గాని పోయవద్దు.

5. 3 నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే సొంతంగా మందు వేయక వెంటనే తీసుకురండి.

అంగన్‌వాడీలో గాని, మా దగ్గర గాని బిడ్డ బరువు తూయించి చీటీలో రాయించుకోండి. మందుల షాపులో ఆ బరువు చెప్పి, ఎన్ని మి.లీ. పోయాలో అడిగి తెలుసుకోండి.