చీటీలలో దాగిన గిరాకీ: కంప్యూటరు లెక్క, వర్తకుని వివేకం

నిజామాబాద్: ఏ సరుకుతో ఏ సరుకు కదులుతుందో ఇంతకాలం గుమాస్తా జ్ఞాపకం చెప్పేది. ఆ పని ఇప్పుడు కంప్యూటరు చేయగలదు. అయితే లెక్క చూపిన ప్రతి జోడీని నమ్మి నిల్వలు పెంచితే పెట్టుబడి గోదాములోనే చిక్కుకుంటుంది.

ఈ లెక్కకు బాట వేసిన వారిలో అప్పటి ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాకేశ్ అగ్రవాల్ ముఖ్యుడు. ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థ అమ్మకాలపై ఆయన బృందం 1993లో పరిశీలన ప్రకటించింది. 1994లో ఆయన, రామకృష్ణన్ శ్రీకాంత్ కలసి సులువు మార్గం చూపారు. రెండు సరుకుల జోడీయే అరుదైతే, మూడోది కలిపిన జట్టు అంతకు మించి వుండదు. దానిని లెక్కించే పనే లేదు. దీనితో లక్షలాది చీటీల లెక్క తేలికయింది.

ఉదాహరణకు కందకుర్తిలో ఒక కిరాణా దుకాణం వున్నదనుకుంటే, దాని 1,000 చీటీలలో పసుపువి 100, కొబ్బరికాయవి 400, రెండూ వున్నవి 60 అనుకోవచ్చు. మొత్తం చీటీలలో కొబ్బరికాయ నూటికి 40. పసుపు చీటీలలో మాత్రం నూటికి 60. అంటే ఒకటిన్నర రెట్లు. ఇది జోడీ. రెండూ వున్నవి 40 మాత్రమే అయితే అది సగటే, సంబంధం కాదు.

చిక్కు ఇక్కడే వుంది. కందకుర్తి గోదావరి, మంజీర, హరిద్ర నదుల సంగమ క్షేత్రం. 2015 జూలై 14 నుండి 25 వరకు గోదావరి పుష్కరాలు జరిగాయి. ఆ 60 చీటీలలో 50 ఆ 12 రోజులవే అయితే అది యాత్రికుల గిరాకీ, ఊరి గిరాకీ కాదు. ఆ రోజులను విడదీయకుండా ఏడాది పొడవునా కొబ్బరికాయ నింపిన వర్తకుడు కాయ చెడిన నష్టం భరించక తప్పదు.

టోకు వర్తకానికీ ఇదే సూత్రం. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమయిన ఈ-నామ్ తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అందులో లాట్ల వారీగా బిడ్లు నమోదవుతాయి. ఏ పార్టీ కొమ్ము కొంటున్నదో, ఏది గోళ అడుగుతున్నదో, ఏ నెలలో ఎంత ఎత్తుతున్నదో అడ్తిదారు తన స్వంత చిట్టా నుండే తీయవచ్చు.

కాగా చిట్టాలో పార్టీల పేర్లు, అరువులు, ధరలు కూడా వుంటాయి. లెక్కకు బయటివారికి అప్పగించే ముందు పేర్ల స్థానంలో నంబర్లు వేయడం క్షేమం. పోటీదారుకు కావలసినది కూడా ఆ వివరమే.

తారీఖు లేని చీటీ ఈ లెక్కకు సగమే పనికివస్తుంది. సరుకు, తూకం, తారీఖు ఏ రోజుకారోజు సరిగా రాసే దుకాణానికే కంప్యూటరు లాభం.