బండిని ఆపేది బ్రేకా, రోడ్డా?
వడ్లు ఆరబోసిన చోట చక్రం ఎందుకు జారుతుందో బడిపిల్లల పాఠంలోనే ఉంది

కరీంనగర్: కోతలు మొదలయ్యాయంటే జిల్లాలో సగం రోడ్లు కల్లాలవుతాయి. కాకతీయ కాలువ కింద యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తుంది. వానాకాలం పంట దీపావళికి అటూ ఇటూగా వస్తుంది. రెండు కాలాల్లోనూ తారురోడ్డుకు ఒక పక్కన వడ్లో మక్కలో పరచి, చుట్టూ రాళ్లు పేర్చి, ముళ్లకంప అడ్డం పెట్టడం అందరూ చూస్తున్నదే. ఆ పక్కనుంచే మోటారు సైకిళ్లు, ఆటోలు, బడికి వెళ్లే పిల్లల సైకిళ్లు పోతుంటాయి. ఇలాంటి చోట్ల జారిపడి కాళ్లు చేతులు విరిగినవారున్నారు. ఇంటికి తిరిగి రానివారూ ఉన్నారు.

పడినవారిని లేవదీస్తూ "పాపం, బ్రేకు పడలేదు" అంటారు. నిజానికి బ్రేకు పడింది. చక్రం కూడా ఆగింది. బండి మాత్రం ఆగలేదు. ఎందుకని? ఎనిమిదో తరగతిలోని ఘర్షణ పాఠం, తొమ్మిదో తరగతిలోని గమన నియమాలు చదివిన పిల్లవాడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలడు. ఆ జవాబు పెద్దలూ తెలుసుకోదగినదే.

కదిలేది కదులుతూనే ఉంటుంది

లాగితేనే బండి కదులుతుంది, లాగడం మానితే ఆగిపోతుంది అని పూర్వం పండితులు కూడా నమ్మేవారు. ఎద్దుల బండిని చూసిన ఎవరికైనా అలాగే తోస్తుంది. అయితే ఇరుసుకు కందెన బాగా పెట్టిన బండిని ఒక్క తోపు తోస్తే ఎక్కువ దూరం పోతుంది. కందెన ఎండిన బండి రెండు బారలు పోకుండానే నిలిచిపోతుంది. అంటే బండి తనంత తాను ఆగడం లేదు. ఇరుసు దగ్గర, నేల దగ్గర కలిగే రాపిడి దాన్ని ఆపుతున్నది.

ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో (1564-1642) వాలు బల్లల మీద గుండ్లు దొర్లించి ఈ సంగతి గ్రహించాడు. ఇంగ్లండుకు చెందిన న్యూటన్ 1687లో ప్రచురించిన ప్రిన్సిపియా గ్రంథంలో దీన్ని మొదటి గమన నియమంగా చెప్పాడు. బయటినుంచి బలం పనిచేయనంతవరకు ఆగి ఉన్న వస్తువు ఆగే ఉంటుంది, కదిలే వస్తువు అదే వేగంతో నేరుగా పోతూనే ఉంటుంది. ఈ గుణానికే జడత్వమని పేరు. బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలుచున్నవారు ముందుకు తూలేది దీనివల్లనే. బస్సు ఆగింది, మనిషి ఇంకా పోతున్నాడు.

బ్రేకు పని చక్రం వరకే

నియమంలో "బయటినుంచి" అన్న మాట ముఖ్యం. బస్సులో కూర్చున్నవాడు ముందు సీటును ఎంత నెట్టినా బస్సు వేగం మారదు. బ్రేకు కూడా బండిలోని భాగమే. అది చక్రాన్ని పట్టుకోగలదు, అంతే. బండిని ఆపే బలం బండికి బయట ఉన్న నేలనుంచి రావాలి. టైరు రోడ్డును ముందుకు నెడుతుంది, రోడ్డు టైరును వెనక్కు నెడుతుంది. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ మూడో నియమం ఇదే. ఆ వెనక్కు నెట్టే బలమే ఘర్షణ. వాడుకలో దానినే పట్టు అంటాం.

రైతులకు ఇది తెలియని సంగతి కాదు. బురద పొలంలో దిగబడిన ట్రాక్టరు చక్రం గిర్రున తిరుగుతుంది గాని ట్రాక్టరు కదలదు. ఇంజనులో బలం లేక కాదు, బురదలో పట్టు లేక. అందుకే నాట్లకు పొలం తయారు చేసేటప్పుడు కేజ్‌వీల్స్ తగిలిస్తారు. పట్టు లేకపోతే బండి ముందుకు కదలదు. అదే పట్టు లేకపోతే కదిలే బండి ఆగదు, మలుపు కూడా తిరగదు.

రోడ్డు మీద గింజలు పరిచినప్పుడు టైరుకూ తారుకూ మధ్య ఒక పొర ఏర్పడుతుంది. టైరు గింజను పట్టుకున్నా గింజ రోడ్డును పట్టుకోదు. వడ్లు ఒకదానిమీద ఒకటి జారుతాయి. గుండ్రని సోయా గింజలైతే దొర్లుతాయి. జారే ఘర్షణకంటే దొర్లే ఘర్షణ చాలా తక్కువని పాఠ్యపుస్తకమే చెబుతుంది.

వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు

పొడి తారురోడ్డు మీద బ్రేకు వేస్తే బండి వేగం ప్రతి సెకనుకూ 22 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు పడ్డాక సుమారు 10 మీటర్లు పోయి ఆగుతుంది. వేగం 80 అయితే 20 మీటర్లలో ఆగుతుందనుకోవడం పొరపాటు. అది సుమారు 40 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలవుతుంది.

ఇది బ్రేకు పడ్డ తరువాతి మాట. అడ్డం కనిపించి, కాలో చెయ్యో బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే 40 వేగంలో ఆ లోపలే 11 మీటర్లు, 80 వేగంలో 22 మీటర్లు గడిచిపోతాయి. ఇక గింజల మీద పట్టు మూడో వంతుకు పడిపోయిందనుకుంటే, 40 వేగంలో 10 మీటర్లలో ఆగవలసిన బండికి సుమారు 30 మీటర్లు కావాలి. రెండు చక్రాల బండి అంతదూరం నిలబడి జారదు, ముందే పక్కకు పడేస్తుంది.

ఇంట్లోనే చేసి చూడవచ్చు

పిల్లలు ఒక పీటమీద ఇటుక పెట్టి, పీటకు రబ్బరు బ్యాండు కట్టి సిమెంటు గచ్చు మీద మెల్లగా లాగాలి. బ్యాండు ఎంత సాగిందో స్కేలుతో కొలిచి రాసుకోవాలి. తరువాత పీట కింద గుప్పెడు సోయా గింజలు చల్లి మళ్లీ లాగాలి. ఈసారి బ్యాండు తక్కువ సాగుతుంది. ఆ తేడాయే రోడ్డు మీద పోయిన పట్టు.

రైతుకూ దారి చూపాలి

గింజలు రోడ్డుకెక్కడం వెనుక రైతు సరదా ఏమీ లేదు. చేతికోతల కాలంలో మెదలు పొలంలోనే ఎండేవి. హార్వెస్టరు వచ్చాక పచ్చి వడ్లు ఒక్కపూటలో కుప్ప పడుతున్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మక్కలకైతే 14 శాతమే. ఆరబోయడానికి కల్లం లేనివాడికి తారురోడ్డే దిక్కవుతున్నది. గతంలో ఉపాధి హామీ పథకం కింద కొందరు రైతులు సిమెంటు కల్లాలు కట్టుకున్నారు. అవి లేని ఊళ్లలో పంచాయతీలు బడి సెలవుల్లో ఆటస్థలమో, ఖాళీ ప్రభుత్వ స్థలమో చూపి, టార్పాలిన్లు సమకూరిస్తే సగం బాధ తీరుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను ప్రకారం రహదారికి ప్రమాదకరంగా అడ్డం కల్పిస్తే 5 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నది. కాని జరిమానా వల్ల గింజ ఆరదు.

తప్పనిసరై రోడ్డు మీద పోసినా మలుపుల్లో, వాలులో, కల్వర్టుల దగ్గర పోయరాదు. బండికి ఎక్కువ పట్టు కావలసింది అక్కడే. రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప కనిపించదు కనుక చీకటి పడకముందే ఎత్తివేయాలి. వడ్లతోపాటు చుట్టూ పెట్టిన రాళ్లూ తీసివేయాలి. మిగిలిన గింజలు ఊడ్చివేయాలి.

బండి నడిపేవారు గింజలు దూరంగా కనిపించగానే, అంటే చక్రం కింద ఇంకా తారు ఉండగానే వేగం తగ్గించుకోవాలి. గింజల మీదికి వచ్చాక గట్టిగా బ్రేకు వేయడం, హ్యాండిల్ తిప్పడం ప్రమాదం.

గమన నియమాలు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తాయి. సాయంత్రం తండ్రి బండి తీసేటప్పుడు కొడుకో కూతురో ఆ రెండు మార్కుల జవాబు ఒకసారి చెప్పి పంపితే, ఆ చదువు ఇంటికి పనికొచ్చినట్టే.