పోరాటంలో వంతు: చర్యల ఎంపిక

వైకుంఠపాళిలో మీ వంతు రాగానే పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని గడులు జరుగుతారు. మీరు ఎంచుకోవలసింది ఏమీ ఉండదు. పాత్రధారణ ఆటల్లో ఆటగాడు ముందు నిర్ణయం తీసుకుంటాడు, తర్వాతే పాచిక వేస్తాడు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆధారంగా ఈ విషయం తెలుసుకుందాం. ఇందులో ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రను నడుపుతాడు. శత్రువులను నడిపే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. ఇక్కడ 2014 నాటి ఐదో కూర్పు నియమాలను అనుసరిస్తున్నాం.

1. రౌండు, వంతు

పోరాటం మొదలవగానే ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన సంఖ్యకు పాత్ర చురుకుదనాన్ని బట్టి వచ్చే విలువను కలుపుతారు. ఎక్కువ వచ్చినవారిది మొదటి వంతు. అందరి వంతులూ పూర్తయితే ఒక రౌండు. కథలో అది సుమారు 6 సెకన్లు. అందుకే ఒక వంతులో చేయగలిగే పనులు పరిమితం.

2. వంతులో లభించేవి

అ) కదలిక: పాత్ర వేగం మేరకు నడవవచ్చు. మనిషికి సాధారణంగా 30 అడుగులు. కొంత చర్యకు ముందు, మిగిలినది తర్వాత వాడుకోవచ్చు.

ఆ) చర్య: వంతుకు ఒకటి. దాడి చేయడం, మంత్రం ప్రయోగించడం, దెబ్బ తగలకుండా వెనక్కు తగ్గడం, తోటివారికి మందు పట్టడం వంటివాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి.

ఇ) అదనపు చర్య: ఏదైనా ప్రత్యేక శక్తి లేదా మంత్రం అనుమతిస్తేనే లభిస్తుంది.

ఈ) ప్రతిచర్య: రౌండుకు ఒకటి. ఇతరుల వంతులో కూడా వాడవచ్చు. పక్కనున్న శత్రువు దూరంగా వెళ్లిపోతుంటే కొట్టే దెబ్బ దీనికి ఉదాహరణ.

3. ఉదాహరణ

మీరు యోధుడి పాత్ర నడుపుతున్నారనుకోండి. పక్కనే గోబ్లిన్ ఉంది. 20 అడుగుల దూరంలో మీ సహచరి స్పృహ తప్పి పడి ఉంది. అలా పడినవారు తమ వంతు మొదట్లో పాచిక వేయాలి; 10 కంటే తక్కువ వస్తే విఫలమైనట్లు. మూడుసార్లు విఫలమైతే మరణం. ఆమె ఇప్పటికే రెండుసార్లు విఫలమైంది. మీ చేతిలో ప్రాణం నిలిపే మందు ఉంది. ఏం చేస్తారు?

నేరుగా వెళ్లి మందు పట్టవచ్చు. కానీ మీరు కదలగానే గోబ్లిన్ ప్రతిచర్యతో కొట్టవచ్చు. జాగ్రత్తగా వెనక్కు తగ్గితే దెబ్బ ఉండదు. అయితే చర్య అక్కడే ఖర్చవుతుంది, మందు పట్టలేరు. గోబ్లిన్‌ను చంపి వెళ్లినా అంతే.

ఇప్పుడు వంతుల వరుస చూడండి. ఆమె కంటే ముందు మీ జట్టులోని పూజారి వంతు ఉంటే, అతను 60 అడుగుల లోపు నుంచి అదనపు చర్యగా స్వస్థత మంత్రం పలికి ఆమెను లేపగలడు. అప్పుడు మీరు నిశ్చింతగా గోబ్లిన్‌పై దాడి చేయవచ్చు. పూజారి వంతు ఆమె తర్వాత ఉంటే, దెబ్బకు సిద్ధపడి మీరే వెళ్లాలి.

4. సారాంశం

చర్య ఒక్కటే కాబట్టి ఒక పనిని ఎంచుకోవడమంటే మరొకదాన్ని వదులుకోవడమే. నిర్ణయానికి ముందు మీ దగ్గర ఏం మిగిలిందో, తర్వాతి వంతు ఎవరిదో చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చర్యకూ ప్రతిచర్యకూ తేడా ఏమిటి?
2. పై ఉదాహరణలో గోబ్లిన్ ఈ రౌండులో తన ప్రతిచర్యను ఇదివరకే వాడేసి ఉంటే మీ నిర్ణయం ఎలా మారుతుంది?