పాత దివాణములు – ప్రదర్శనశాలలు

చల్లపల్లిలో దేవరకోట సంస్థానాధీశులైన యార్లగడ్డ వంశీయుల కోట కలదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీల కాలము ముగిసినది. అధికారము పోయినను కట్టడములు నిలిచినవి. ఇట్టి పాత భవనములు కృష్ణా డెల్టాలో ఇంకను ఉన్నవి. వానిని కాపాడుటయనగా ఏమి?

హైదరాబాదులోని దివాన్ దేవిడీ సాలార్‌జంగు కుటుంబీకుల నివాసము. మూడవ సాలార్‌జంగు 1949లో మరణించిన పిమ్మట, ఆయన సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆ గృహముననే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1968లో వస్తువులు నూతన భవనమునకు తరలినవి. తరువాత దేవిడీ చాలవరకు కూల్చబడినది. వస్తువులు భద్రముగనే ఉన్నవి. అవి ఏ గదిలో నుండెడివో చెప్పు గోడలు మాత్రము లేవు.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి యిల్లు ఇందుకు భిన్నము. అక్కడ ఇల్లే ముఖ్యవస్తువు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిగినది ఆ యింటనే. వేరొక భవనములో ఎన్ని పటములు వ్రేలాడదీసినను ఆ చోటు రాదు.

మన ప్రాంతమున పాత యిండ్లకు శత్రువులు చెదలు, ఉప్పుగాలి, తుపానులు. వీనికి తోడు మంచి ఉద్దేశముతో చేయు సిమెంటు మరమ్మతు నాల్గవ శత్రువు. సున్నపు గచ్చు గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడియై రాలును. దూలముల కొసలు క్రుళ్ళును. పగులు కనబడినంతనే సిమెంటు మేస్త్రీని గాక, సున్నపుపని ఎరిగినవానిని వెదకవలెను. కప్పు కారకుండ చూచుట, వాననీరు గోడమొదట నిలువకుండ కాలువ తీయుట కొద్ది ఖర్చుతో అగును.

దివాణమనగా సింహాసనము, కత్తులు, నిలువుటద్దములు మాత్రమే కాదు. శిస్తు రసీదులు, జమాబందీ లెక్కలు, కవిలెకట్టలు కూడ దివాణమే. ఆ మేడ లేచినది రైతు చెల్లించిన శిస్తుతో గదా! ఆ కాగితములు చిత్తుక్రింద అమ్ముడుపోయినచో మన తాతలు ఏ పొలమునకు ఎంత కట్టిరో తెలిసికొను మార్గముండదు.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పురాతన కట్టడముల చట్టము క్రింద రాష్ట్రప్రభుత్వము ఒక భవనమును రక్షిత కట్టడముగా ప్రకటింపవచ్చును. ప్రకటించిన మాత్రమున యాజమాన్యము మారదు. ఈ సంగతి తెలియక కొందరు యజమానులు భయపడుచుందురు. సభ్యులు వారికి నచ్చజెప్పవలెను. గ్రామములోని పాత భవనముల పట్టికను, ఫోటోలతోను కొలతలతోను, పంచాయతీ కార్యాలయమున ఉంచి, ఒక ప్రతిని పురావస్తుశాఖకు పంపవచ్చును.