మన గొర్రెల సీమలో కుక్కకు పచ్చి మాంసం పెట్టొచ్చా?



మా చక్రాయపేట మండలంలో తోటలకు కాపలా కుక్కలు పెంచుకునే రైతులు కొందరు ఈమధ్య నన్నొక మాట అడుగుతున్నారు. "అన్నా, కుక్కకు సంగటి మాన్పించి పచ్చి మాంసమే పెడితే మంచిదంట కదా? అడివిలో తోడేలు వండుకుని తింటుందా? ఇది కూడా ప్రకృతి పద్ధతే కదా?" ఫోన్లో వీడియోలు చూసి అడుగుతున్నారు. మా దగ్గర గానుగ నూనె, కొర్రలు తెప్పించుకునే బెంగళూరు కస్టమర్లు ఇద్దరైతే నేరుగా బేరానికే వచ్చినారు. ఊర్లో పొట్టేళ్లు కోసినప్పుడు మనుషులు తినకుండా పక్కన పడేసే కార్జం ముక్కలు, ఊపిరితిత్తులు పచ్చిగానే ఐసులో పెట్టి పంపితే, వాళ్ల లాబ్రడార్లకు నెలనెలా కొంటామన్నారు.

వ్యాపారంగా చూస్తే మంచి బేరమే. పారేసే దానికి డబ్బులొస్తాయి. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకో అర్థం కావాలని వీడియోలో ఒక గొర్రె కార్జం కోసి చూపించాను. అందులో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

పచ్చి తిండి ఎక్కడినుంచి వచ్చింది

కుక్కలకు పచ్చి తిండి అనే పద్ధతికి పేరు తెచ్చింది ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. 1993లో 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అని పుస్తకం రాశాడు. ప్యాకెట్ మేత మానేసి పచ్చి మాంసం, ఎముకలు, లోపలి అవయవాలు, కూరగాయలు పెట్టమన్నాడు. తర్వాత తర్వాత దీన్ని పాటించేవాళ్లు ఒక లెక్క కట్టుకున్నారు. నూటికి 80 పాళ్లు కండ, 10 పాళ్లు ఎముక, 10 పాళ్లు కార్జం వంటి అవయవాలు. పెద్ద కుక్కకు రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం. అంటే 20 కిలోల కుక్కకు 400 నుంచి 600 గ్రాములు.

వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. ఎముక కొరికే కుక్కకు పళ్లమీద గార తక్కువ పడుతుంది. ఉడికిన ఎముక పెళుసుబారి, పదునుగా చీలి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుందన్నదీ నిజమే. పెళ్లిళ్లలో విస్తరాకుల్లోని కోడి ఎముకలన్నీ ఊరకుక్కలకు విసిరేస్తాం చూడండి, అది మానుకోవాల్సిన అలవాటే.

తోడేలు మాటకొస్తే, కుక్క ఇప్పుడు తోడేలు కాదు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో 2 కాపీలే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని తేల్చారు. మనిషి పక్కన వేల ఏళ్లు బతికి, మనిషి తినే తిండికి కుక్క కడుపు అలవాటు పడిందన్నమాట. కాబట్టి రాగి సంగటి, మజ్జిగ, ఒక గుడ్డు, అప్పుడప్పుడు మాంసం తినే మన తోట కుక్కకు అన్యాయం జరుగుతోందని ఎవరూ బాధపడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పుచ్చు శనక్కాయలు "కుక్కకే కదా" అని కలపొద్దు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషానికి కుక్క కార్జం తొందరగా దెబ్బతింటుంది, ప్రాణం కూడా పోతుంది.

ఇక ఒట్టి కండ మాత్రమే పెట్టేవాళ్లు ఇంకోటి మర్చిపోతారు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే పిల్లకు అదే పెడుతూ పోతే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్లు వంకరపోతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. చేనుకు ఒట్టి యూరియా వేస్తే ఏమవుతుందో మన రైతులకు చెప్పాల్సిన పని లేదు కదా.

ఇవన్నీ ఏ దేశంలోనైనా ఒకటే. నేను బేరం వద్దనడానికి కారణం మాత్రం మన సీమకు సంబంధించింది.

కార్జంలో నీటి బుడ్డలు

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత స్థానం మనదే. గొర్రె, కుక్క, మనిషి ముగ్గురూ ఒకే దొడ్డి చుట్టూ తిరిగే చోట ఒక బద్దె పురుగు హాయిగా బతుకుతుంది. దాని పేరు ఎకైనోకాకస్. బద్దె పురుగు అనగానే మూరెడు పొడుగు అనుకుంటాం. ఇది బియ్యపు గింజంత కూడా ఉండదు. కుక్క పేగులో వందలు, వేలు ఉంటాయి. కుక్క మాత్రం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తింటుంది, ఉరుకుతుంది, ఏ లక్షణమూ కనపడదు.

దీని గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. గడ్డితోపాటు గొర్రె వాటిని మేస్తుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో అవి నీటి బుడ్డలుగా పెరుగుతాయి. జీవాలు కోసేవాళ్లను అడగండి, అందరికీ తెలుసు. తెల్లగా, గట్టి పొరతో, నొక్కితే నీళ్లు చిమ్మే బుడ్డలు. డాక్టర్లు హైడాటిడ్ తిత్తి అంటారు. బుడ్డలున్న కార్జాన్ని మనిషి తినడు. కోసి పక్కకు విసిరేస్తాడు. పక్కనే కాచుకుని కుక్క ఉంటుంది. ఆ బుడ్డ లోపలి నీళ్లలో పురుగు తలలు వందల్లో ఉంటాయి. కుక్క తిన్నాక 6, 7 వారాల్లో కొత్త పురుగులు గుడ్లు వదలడం మొదలుపెడతాయి. చక్రం పూర్తయింది.

మటన్ తింటే మనిషికి ఈ జబ్బు రాదు. కుక్కను నిమిరిన చెయ్యి కడగకుండా అన్నం తింటే, కుక్క మలం పడిన మడిలోని కొత్తిమీర సరిగా కడగకుండా తింటే వస్తుంది. గొర్రెలో పెరిగిన బుడ్డే మన కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో పెరుగుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, చిన్నప్పుడు పట్టుకుంటే పెద్దయ్యాక బయటపడొచ్చు. లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. పెద్ద బుడ్డలకు చాలాసార్లు ఆపరేషనే దారి. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనపడే రాష్ట్రాలు చెప్పేటప్పుడు వైద్యులు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లే ముందు చెబుతారు.

ఇప్పుడు బెంగళూరు బేరం గురించి ఆలోచించండి. మన ఊర్లో మనిషి వద్దని పడేసిన కార్జం ముక్కే ఆ పార్సిల్‌లో పోతుంది. అక్కడ అపార్ట్‌మెంట్లో కుక్క సోఫామీద పండుకుంటుంది, చిన్నపిల్లల మూతి నాకుతుంది. రసాయనాలు లేని నూనె అని నమ్మి కొనే ఇంటికి నేను అది ఎట్లా పంపేది?

గిన్నెతో, గుంతతో గెలిచిన దేశాలు

ఈ చక్రాన్ని తెంచడం కష్టమేమీ కాదు. ఐస్‌లాండ్ కూడా గొర్రెల దేశమే. ఒకప్పుడు అక్కడ ఈ జబ్బు ఇంటింటి మాట. హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పరిశీలించి రాసిన చిన్న పుస్తకాన్ని 1864లో ఇంటింటికీ ఉచితంగా పంచినారు. బుడ్డలున్న అవయవాలు కుక్కకు వేయొద్దు, కాల్చండి లేదా పూడ్చండి, అంతే. 1890లో చట్టం కూడా చేసినారు. అప్పటికి సరైన నట్టల మందే లేదు. అయినా ఇప్పుడు ఆ దేశంలో ఈ జబ్బు లేదు.

న్యూజిలాండ్‌లో 1959లో హైడాటిడ్స్ చట్టం వచ్చింది. రైతులు కుక్కలను ఒక చోటికి తోలుకొస్తే మందు వేసి విరేచనం చేయించేవాళ్లు. ఆ మందు ఏందో తెలుసా? అరికోలిన్. మనం తాంబూలంలో నమిలే వక్కల్లో ఉండే పదార్థమే. 2002 నాటికి ఆ దేశం కూడా ఈ జబ్బునుంచి దాదాపు బయటపడిందని ప్రకటించుకుంది. ప్రపంచంలో పేరున్న గొర్రెల దేశం, కుక్కకు పచ్చి అవయవాలు వేయడం మానేసి గెలిచింది. మనం ఇప్పుడు కొత్తగా అవే వేయడం మొదలుపెడతామంటున్నాం!

కోడి, ఆవు సంగతి

గొర్రె వద్దంటే కోడి పెడతామంటారు. కోడి మాంసంలో సాల్మొనెల్లా మామూలు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 దాకా 196 పచ్చి పెంపుడు జంతువుల ఆహార నమూనాలు పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా దొరికాయి. కుక్క తట్టుకోవచ్చు, గిన్నె కడిగే మనిషి తట్టుకోవాలి కదా. దానికి తోడు బర్డ్‌ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చనిపోయినప్పుడు మన దగ్గర కూడా చికెన్ కొట్లు వెలవెలబోయాయి. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఒక చంటిబిడ్డ హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. చికెన్ కొట్టు వ్యర్థాలు పచ్చిగా సంచిలో తెచ్చి కుక్కకు వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దేశవాళీ ఆవు పెట్టుకున్న మనలాంటి వాళ్లకు ఇంకోటి. ఆవు ఈనినప్పుడు పడే మాయను కుక్క లాక్కుపోతే చూస్తూ ఊరుకోవద్దు. నియోస్పోరా అనే పరాన్నజీవి అట్లాగే కుక్కలోకి పోయి, కుక్క మలంతో మేతలో పడి, మళ్లీ ఆవుకు చేరి ఈసుకుపోయేట్టు చేస్తుంది. ఇందులో కుక్క పాత్ర ఉందని 1998లోనే తేలింది. మాయను వెంటనే లోతుగా పూడ్చండి.

ఆచ్ఛాదన కింద తేమ

ప్రకృతి సేద్యంలో మనం మట్టిని ఎండనివ్వం. ఆచ్ఛాదన వేస్తాం, డ్రిప్ పెడతాం. మంచిదే. అయితే ఎకైనోకాకస్ గుడ్లను చంపేది ఎండ, పొడిదనం. నీడలో, తేమలో అవి నెలల తరబడి బతుకుతాయి. ఆకుకూరల మడిలో కుక్క మలం పడితే వానపాములకు ఇచ్చిన సుఖమే వాటికీ ఇచ్చినట్టు. కాబట్టి మడికి కంప కంచె తప్పదు. జీవామృతం డ్రమ్ముకు మూత ఉండాలి, కుక్క మలం ఘనజీవామృతంలో కలవకూడదు.

"ప్రకృతి అంటే పచ్చిదే కదా" అనేవాళ్లకు నా జవాబు ఒకటే. మనం పచ్చి పేడ చేనుకు వేస్తామా? పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి 48 గంటలు పులియబెట్టి కదా పోస్తాం.

మా తోటలో ఎట్లా చేస్తున్నామంటే

మా చీనీ తోటలో ఉండే కర్రోడికి మాంసం పెడతాం. బోటీ, కార్జం, ఊపిరితిత్తులు ఏవైనా సరే చిన్న ముక్కలు చేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక 30 నిమిషాలకు తగ్గకుండా ఉడికిస్తాం. ఉప్పు, కారం, ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేయం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఆ ముక్కలు, ఆ నీళ్లు సంగటిలో కలిపితే గిన్నె నాకేస్తాడు. బుడ్డలున్న అవయవమైతే ఉడికించడం కూడా లేదు, నేరుగా గుంతలోకే. కోసే చోటికి దగ్గర్లోనే లోతుగా గుంత తీసి, పైన సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప పెడుతున్నాం. చచ్చిన గొర్రె పిల్లలను వంకలో పారేసే బదులు అదే గుంతలో వేయండి. జాతరలప్పుడైతే ఒక గుంత చాలదు, ముందే రెండు తీసుకోవాలి.

ఇంత చెప్పినా పచ్చిదే పెడతామనేవాళ్లుంటే, గొర్రె, మేక, పశువు, పంది లోపలి అవయవాలు పచ్చిగా అస్సలు వద్దు. కండ మాత్రమే తీసుకుని బాగా గడ్డకట్టించి పెట్టండి. న్యూజిలాండ్ రైతుల లెక్క, మాంసం లోపలిదాకా మైనస్ 10 డిగ్రీలకు చేరి 10 రోజులు ఉండాలి. మన కరెంటు కోతల్లో ఆ 10 రోజులు ఎవరు లెక్కపెడతారో నాకైతే అనుమానమే. గడ్డకట్టిస్తే పురుగులు పోతాయి గానీ సాల్మొనెల్లా పోదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే ఆ ఆలోచనే మానుకోండి. మార్చేది ఏదైనా ఒక్క రోజులో మార్చొద్దు. పాత తిండిలో నాలుగో వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి. కుక్కపిల్లకైతే పశువైద్యుణ్ణి అడక్కుండా ఏమీ మార్చొద్దు. మనకు మండల పశువైద్యశాల ఉంది, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

నట్టల మందు సంగతి అందరూ అడుగుతారు. జీవాలకు తాపే మందే కొంచెం కుక్కకు పోస్తే సరిపోదు. మాత్ర మీద ప్రాజిక్వాంటెల్ అని ఉందో లేదో చూసుకోండి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, డాక్టరు చెప్పినట్టు వేయాలి. మందల దగ్గర తిరిగే కుక్కకు 6 వారాలకొకసారి. పురుగు గుడ్లు పెట్టే వయసు రాకముందే పోవాలని ఆ లెక్క. మా ఇంట్లో క్యాలెండర్ మీద ఆ తారీకులు పెన్నుతో చుట్టి పెట్టుకున్నాం. మాత్ర పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. అందుకే మందు వేసిన తర్వాత మూడు రోజులు కుక్కను కట్టేసి, దాని మలాన్ని పారతో ఎత్తి కాల్చేయాలి. ఆ పార వేరేగా పెట్టుకోండి, ఎరువు ఎత్తే పార కాకుండా.