మచ్చు సంకలనాలు – మరుగున ఉన్న బృందాలు: ప్రోగ్రెసివ్ రాక్ వ్యాప్తిలో శాంప్లర్ రికార్డుల పాత్ర

వ్యాససంగ్రహం:
1960వ దశకం చివర బ్రిటన్‌లో రికార్డు సంస్థలు తక్కువ ధరకు విడుదల చేసిన శాంప్లర్లు ప్రోగ్రెసివ్ రాక్ సంగీతాన్ని శ్రోతలకు చేర్చడంలో ముఖ్యపాత్ర వహించాయి. 1969లో ఐలాండ్ సంస్థ వెలువరించిన ‘నైస్ ఇనఫ్ టు ఈట్’ అనే సంకలనాన్ని ప్రధాన ఆధారంగా తీసుకొని, అంతగా పేరు లేని బృందాలను శాంప్లర్ ఏ విధంగా పరిచయం చేసింది, ఆ పరిచయానికి గల పరిమితులు ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ప్రోగ్రెసివ్ రాక్, శాంప్లర్, ఐలాండ్ రికార్డ్స్, సంకలనం, శ్రోత.

1. ఉపోద్ఘాతం:
ఒక రికార్డు సంస్థ తన వద్ద ఉన్న పలువురు కళాకారుల ఆల్బంల నుండి ఒక్కొక్క పాటను ఎంచి, ఒకే రికార్డుగా కూర్చి, తక్కువ వెలకు అమ్మితే దానిని శాంప్లర్ అంటారు. బియ్యం కొనేవాడు ముందుగా గుప్పెడు మచ్చు చూసినట్లే, ఆల్బం కొనబోయే శ్రోత ముందుగా ఒక పాటను విని చూస్తాడు. దీని లక్ష్యం వ్యాపారమే. అయినా ఫలితం వ్యాపారంతో ఆగలేదు. పేరు కూడా వినని బృందాల సంగీతం ఎందరి ఇళ్లలోకో ఈ మార్గంలోనే ప్రవేశించింది.

2. శాంప్లర్ అవసరం ఎందుకు కలిగింది?
ప్రోగ్రెసివ్ రాక్ బృందాలు మూడు నిమిషాల పాట అనే హద్దును దాటి, జాజ్, జానపద, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రీతులను కలుపుకొని దీర్ఘమైన రచనలు చేశాయి. వీటికి సింగిల్ రికార్డు చాలదు; ఆల్బమే తగిన రూపం. అయితే ఆల్బం ఖరీదైనది. వినకుండా కొనే సాహసం విద్యార్థులకూ యువ శ్రామికులకూ కష్టం.

రేడియో ఈ కొరతను తీర్చలేకపోయింది. సముద్రంలోని ఓడల నుండి ప్రసారాలు చేసిన అనధికార కేంద్రాలకు 1967 ఆగస్టులో వచ్చిన చట్టం అడ్డుకట్ట వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో బి.బి.సి. రేడియో 1 ప్రారంభమైంది. కాని రికార్డులను రోజుకు ఎంతసేపు వినిపించవచ్చనే విషయంలో బి.బి.సి.కి ఒప్పందపరమైన పరిమితి ఉండేది. జాన్ పీల్ నిర్వహించిన ‘టాప్ గేర్’ వంటి కొద్ది కార్యక్రమాలే కొత్త సంగీతానికి చోటిచ్చాయి.

ఈ పరిస్థితిలో సి.బి.ఎస్. సంస్థ 1968లో ‘ది రాక్ మెషిన్ టర్న్స్ యు ఆన్’ అనే శాంప్లర్‌ను 14 షిల్లింగుల 11 పెన్నీలకు విడుదల చేసింది. ఇది మామూలు ఆల్బం ధరలో సగానికన్న తక్కువ. బాబ్ డిలాన్, లెనర్డ్ కోహెన్ వంటి ప్రసిద్ధుల పక్కనే ‘ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’ వంటి ప్రయోగశీల బృందాలకు అందులో స్థానం దక్కింది. తెలిసిన పేరు కోసం కొన్నవాడికి తెలియని పేరు కూడా చేరింది. తరువాతి శాంప్లర్లు అనుసరించిన సూత్రం ఇదే.

3. ‘నైస్ ఇనఫ్ టు ఈట్’ – పరిశీలన:
క్రిస్ బ్లాక్‌వెల్ 1959లో జమైకాలో స్థాపించిన ఐలాండ్ సంస్థ 1962లో లండన్‌కు తరలింది. దశకం చివరికి అది రాక్, జానపద సంగీతాల వైపు మొగ్గింది. 1969లో ‘యు కెన్ ఆల్ జాయిన్ ఇన్’ అనే శాంప్లర్‌ను, అదే ఏడాది పన్నెండు పాటలతో ‘నైస్ ఇనఫ్ టు ఈట్’ను వెలువరించింది.

ఈ రెండవ సంకలనంలో ట్రాఫిక్, జెత్రో టల్, ఫ్రీ వంటి పేరున్న బృందాలు ఉన్నాయి. వాటితోపాటు కింగ్ క్రిమ్సన్ ఉంది. ఆ బృందపు తొలి ఆల్బం 1969 అక్టోబరులోనే వెలువడింది. దానిలోని మొదటి రచన ‘ట్వంటీ ఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మ్యాన్’ను ఈ శాంప్లర్‌కు ఎంచుకున్నారు. వికృతంగా మార్చిన గాత్రం, శాక్సఫోన్, వేగంగా మారే లయలు గల ఆ రచన జానపద పాటల నడుమ వినిపించడం వల్ల దాని కొత్తదనం మరింత ప్రస్ఫుటమైంది.

క్వింటెసెన్స్ బృందం పాట ‘గంగామాయి’ భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించేది. లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతానికి చెందిన ఈ బృందంలో వేణువు వాయించిన రాజా రామ్ ఆస్ట్రేలియా వాడు. భారతీయ భక్తి పదజాలాన్ని వీరు రాక్ వాద్యాలతో మేళవించారు.

నిక్ డ్రేక్ విషయం భిన్నమైనది. అతని ‘టైమ్ హాజ్ టోల్డ్ మీ’ ఇందులో ఉంది. జీవించి ఉండగా అతని మూడు ఆల్బంలూ స్వల్పంగానే అమ్ముడుపోయాయి. 1974లో 26 ఏళ్ల వయసులో మరణించాడు. కీర్తి దశాబ్దాల తరువాత వచ్చింది. అతని ఆల్బంలను కొననివారు కూడా ఈ ఒక్క పాటను విని ఉండే వీలును శాంప్లర్ కల్పించింది.

4. సంకలనం వెల్లడించే సంబంధాలు:
ఈ జాబితా కేవలం పాటల వరుస కాదు. ఆనాటి సంగీతరంగపు నిర్మాణాన్ని కూడా చూపుతుంది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్, నిక్ డ్రేక్, డబ్లిన్‌కు చెందిన డాక్టర్ స్ట్రేంజ్లీ స్ట్రేంజ్ – ఈ ముగ్గురి వెనుక ఉన్న నిర్మాత ఒక్కడే, జో బాయ్డ్. జెత్రో టల్ నుండి విడిపోయిన గిటారిస్టు మిక్ అబ్రహామ్స్ స్థాపించినదే బ్లాడ్విన్ పిగ్. ఒక పేరు నచ్చిన శ్రోత నిర్మాతను, వాద్యకారుడిని పట్టుకొని మరో పేరుకు చేరగలడు. అన్వేషణకు శాంప్లర్ ఇచ్చే అసలైన ఆధారం ఈ సంబంధాల పరిజ్ఞానమే.

5. పరిమితులు:
మొదటిది, ఒక్క పాట బృందానికి పూర్తి ప్రాతినిధ్యం వహించదు. ‘స్కిజాయిడ్ మ్యాన్’ మాత్రమే విన్నవారికి అదే ఆల్బంలోని నెమ్మదైన, మెలట్రాన్ నాదంతో నిండిన రచనలు ఊహకు అందవు. రెండవది, రికార్డు ఒక్కో పక్కన పట్టేది సుమారు ఇరవై నిమిషాలే కనుక మొత్తం పక్కను ఆక్రమించే రచనలకు చోటు లేదు. ప్రోగ్రెసివ్ రాక్ ప్రధాన లక్షణమైన దైర్ఘ్యమే ఇక్కడ నష్టపోతుంది. మూడవది, ఎంపిక సంస్థది. పొగడ్త, ప్రకటన, పరిచయం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

అయినప్పటికీ సంకలనం కొన్నిసార్లు తన వ్యాపార లక్ష్యాన్ని మించి నిలుస్తుంది. మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’లో చేర్చిన పద్యాల వల్లనే నేటికి అలభ్యమైన కొన్ని గ్రంథాల ఉనికి తెలుగువారికి తెలిసింది. రికార్డు సంకలనాలలోనూ ఇటువంటి సంరక్షణ కనిపిస్తుంది. 1970లో హార్వెస్ట్ సంస్థ వెలువరించిన ‘పిక్నిక్’ అనే రెండు రికార్డుల శాంప్లర్‌లో పింక్ ఫ్లాయిడ్ రచన ‘ఎంబ్రియో’ ఉంది. అప్పటికి అది ఆ బృందపు ఏ ఆల్బంలోనూ లేదు.

6. ముగింపు:
• ఆల్బం ధర, రేడియో పరిమితి అనే రెండు అడ్డంకుల నడుమ శాంప్లర్ ఏర్పడింది.
• ప్రసిద్ధుల పక్కన అప్రసిద్ధులను నిలపడం దాని ప్రధాన పద్ధతి.
• కింగ్ క్రిమ్సన్ వంటి బృందం చరిత్రలో నిలిచింది. డాక్టర్ స్ట్రేంజ్లీ స్ట్రేంజ్ కొద్దిమంది అభిమానులకే పరిమితమైంది. కాని ఆ రికార్డుపై ఇద్దరికీ దక్కినది ఒక్కొక్క పాటే.
• కాబట్టి శాంప్లర్‌ను తీర్పుగా గాక ప్రవేశద్వారంగా గ్రహించాలి. అందులో నచ్చిన పాట దగ్గర ఆగక, దాని మూల ఆల్బంను ఆసాంతం విన్నప్పుడే ఆ పరిచయం సార్థకమవుతుంది.