పాలు పడలేదని పిండడం మానకండి

"సిస్టరమ్మా, మా పిల్లకి పాలు పడలేదు. డబ్బా పాలు రాసివ్వండి."

కాన్పుల వార్డులో పనిచేసే మాకు ఈ మాట వినని రోజు ఉండదు. చాలాసార్లు ఆ మాట అనేది బాలింత కాదు, పక్కన కూర్చున్న అమ్మమ్మో నాయనమ్మో. బిడ్డ మీద ప్రేమతోనే అంటారు. కాని ఆ ఒక్క మాటతో మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎంతోమంది తల్లులు ధైర్యం పోగొట్టుకుంటున్నారు.

నెలలు నిండి బాగా చీకే బిడ్డయితే, పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించి, ఆ తరువాత అడిగినప్పుడల్లా తాగిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. బిడ్డ నెలలు నిండకుండా పుడితే? బరువు తక్కువై చీకలేకపోతే? ఊపిరి ఇబ్బందితో తల్లికి దూరంగా నవజాత శిశువుల విభాగంలో ఉంటే? అప్పుడు తల్లి తన పాలు పిండి బిడ్డకు పంపాలి. అది ఎలా చెయ్యాలో ఇక్కడ తెలుసుకుందాం.

ఒక తల్లి సంగతి

మా వార్డుకు ఒక అమ్మాయి వచ్చింది. తొలి కాన్పు. బి.పి. పెరిగి, 33 వారాలకే ఆపరేషన్ చెయ్యవలసి వచ్చింది. బిడ్డ బరువు 1 కిలో 600 గ్రాములు. ఊపిరి తీసుకోవడం కొంచెం కష్టంగా ఉండడంతో బిడ్డను వెంటనే పై అంతస్తుకు తీసుకువెళ్లారు. నాలుగు గంటల తరువాత నేను ఆ అమ్మాయి దగ్గర కూర్చుని చేతితో పాలు పిండించాను. పావుగంటకు సిరంజిలో చేరింది 1 మిల్లీలీటరు కూడా లేదు.

"ఇవేం పాలమ్మా, ఉగ్గుగిన్నె అడుగైనా తడవలేదు" అంది వాళ్లమ్మ. ఆ అమ్మాయి కళ్ల నిండా నీళ్లు.

నేను ఆ సిరంజి తీసుకుని పైకి వెళ్లాను. ఆ రోజు డాక్టరుగారు బిడ్డకు ముక్కులోని సన్నని గొట్టం ద్వారా పట్టమన్నది ఒక్కోసారికి 2 మిల్లీలీటర్లే. మిగిలిన అవసరం సెలైన్‌తో తీరుతోంది. అంటే తల్లి ఇచ్చిన ఆ కాస్తా వృథా కాలేదు. అవి పసుపురంగు ముర్రుపాలు. రోగాలను ఎదిరించే శక్తి అందులోనే ఎక్కువ. నెలలు నిండని బిడ్డల పేగులు చాలా లేతగా ఉంటాయి. డబ్బా పాలు పట్టిన అలాంటి బిడ్డల్లో పేగులు వాచి దెబ్బతినే ప్రమాదకరమైన జబ్బు ఎక్కువగా వస్తుంది. తల్లిపాలు ఆ ముప్పును తగ్గిస్తాయి. అందుకే అలాంటి బిడ్డకు తల్లిపాలు ఆహారమే కాదు, మందు కూడా.

పాలు ఎలా తయారవుతాయి?

తల్లి శరీరంలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి పాలు తయారుకావడం, రెండోది తయారైన పాలు దిగడం.

బిడ్డ చీకినా, చేతితో పిండినా మెదడుకు కబురు అందుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను విడుదలై పాలు తయారవుతాయి. ఇది రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. రొమ్ములో పాలు నిలవ ఉండిపోతే 'ఇక చాలు' అన్న సంకేతం వెళ్లి తయారీ తగ్గుతుంది. ఏటి ఇసుకలో తీసిన చెలమ చూడండి. తోడేకొద్దీ ఊరుతుంది. తల్లిపాలూ అంతే.

పాలు దిగడానికి ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను కావాలి. దీన్నే మన ఊళ్లలో చేపు అంటారు. పాడి ఉన్న ఇంటివారికి ఇది చెప్పనక్కరలేదు. దూడను విడిస్తే గేదె చేపుతుంది. బెదిరితే చేపదు. పొదుగులో పాలు లేక కాదు, అవి దిగక. బాలింత కూడా భయపడినా, నొప్పితో ఉన్నా, "నీకు పాలు లేవు" అని పదిమంది అంటున్నా చేపు రావడం ఆలస్యమవుతుంది. కనుక ఆమె దగ్గర ఆ మాట అనకపోవడమే ఇంటివారు చేయగల మొదటి సహాయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎన్నిసార్లు?

బిడ్డ చీకలేకపోతే కాన్పు అయిన గంట రెండు గంటల్లోనే పిండడం మొదలుపెట్టండి. ఆపరేషన్ అయితే తల్లి కాస్త తేరుకోగానే, ఆరు గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. పగలూ రాత్రీ కలిపి 24 గంటల్లో కనీసం 8 సార్లు పిండాలి. రాత్రి ఒక్కసారైనా తప్పకూడదు. మొదటి రెండు రోజులూ చుక్కలే వస్తాయి. సాధారణంగా మూడో రోజుకో నాలుగో రోజుకో రొమ్ములు నిండుతాయి. ఆపరేషన్ అయినవారికి, నెలలు నిండకుండా కాన్పు అయినవారికి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఈ రోజుల్లోనే చాలామంది పిండడం మానేస్తారు. పాలు రాలేదని పిండడం మానేస్తే, రావలసిన పాలు కూడా రావు.

చేతితో పిండే పద్ధతి

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. గోళ్లు కత్తిరించుకోండి. మూత ఉన్న స్టీలు గిన్నెను కడిగి, 10 నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరనివ్వండి. ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి కనుక వాటిని నర్సు ఇచ్చే శుభ్రమైన సిరంజిలోకి తీసుకోవడం మంచిది.

2. వీపు ఆనించి హాయిగా కూర్చోండి. కొద్దిసేపు గోరువెచ్చని తడిగుడ్డ రొమ్ము మీద ఉంచండి. వేళ్లతో నెమ్మదిగా నిమరండి. వీలైతే బిడ్డను చూసి వచ్చి పిండండి. బిడ్డకు చుట్టిన గుడ్డ దగ్గర పెట్టుకున్నా చేపు తొందరగా వస్తుంది.

3. బొటనవేలు చనుమొనకు పైన, చూపుడువేలు కింద ఉంచండి. వేళ్లు చనుమొన మీద కాదు, దానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, నల్లని భాగం మీద ఉండాలి.

4. ముందు వేళ్లను ఛాతీవైపు కొద్దిగా లోపలికి నొక్కండి. తరువాత రెండు వేళ్లనూ దగ్గరకు నొక్కండి. వదలండి. మళ్లీ నొక్కండి. మొదటి నిమిషం రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. ఆపకండి.

5. వేళ్లను చర్మం మీద జార్చకండి. చనుమొనను లాగకండి. సరిగా చేస్తే నొప్పి ఉండదు. నొప్పి పుడుతోందంటే వేళ్లు సరైన చోట లేవన్నమాట.

6. ఒకవైపు 3 నుంచి 5 నిమిషాలు పిండి, ధార తగ్గగానే రెండోవైపు మారండి. వేళ్లను చుట్టూ జరుపుతూ అన్ని వైపులా పిండండి. పాలు బాగా పడిన తరువాత మొత్తం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

పంపు వాడవచ్చా?

వాడవచ్చు. బిడ్డ వారాల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వస్తే కరెంటు పంపు శ్రమ తగ్గిస్తుంది. కాని మొదటి రోజుల్లో చెయ్యే మేలు. చిక్కని ముర్రుపాలు పంపు గోడలకే అంటుకుపోతాయి.

పంపు గరాటు మీకు సరిపోవాలి. చనుమొన అందులో ఒరుసుకోకుండా కదలాలి. తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టండి. ఎక్కువ ఒత్తిడి పెడితే ఎక్కువ పాలు వస్తాయనుకోవడం పొరపాటు, పుండు పడుతుంది. పాలు తగిలే భాగాలన్నీ ప్రతిసారీ సబ్బునీళ్లతో కడగాలి. రోజుకొకసారి, పంపుతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు మరిగించాలి. రబ్బరు బుడ్డి నొక్కితే పీల్చే పాతరకం పంపు కొనవద్దు. ఆ బుడ్డి లోపల శుభ్రం చెయ్యడం సాధ్యం కాదు.

పిండిన పాలు ఎంతసేపు ఉంటాయి?

గది 25 డిగ్రీలు దాటకుండా చల్లగా ఉంటే 4 గంటలు ఉంచవచ్చు. మన ఎండాకాలంలో గది అంత చల్లగా ఉండదు. కాబట్టి మూత పెట్టి నీడలో ఉంచి గంట రెండు గంటల్లో పట్టేయండి, లేదా పిండగానే ఫ్రిజ్‌లో పెట్టండి. నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకైతే ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంచవచ్చు. కరెంటు తరచు పోయే ఊళ్లలో మాత్రం 24 గంటలు దాటనివ్వకండి. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకు ఆసుపత్రి నియమమే పాటించాలి.

గిన్నె మీద తేదీ, టైము రాయండి. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలివైపు పెట్టండి. మీగడ పైకి తేలితే పాలు పాడైనట్టు కాదు, మెల్లగా కదిపితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచకండి. వేడినీళ్ల గిన్నెలో పాలగిన్నె నిలబెడితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి దాచవద్దు.

సీసా వద్దు, ఉగ్గుగిన్నె ముద్దు

గొట్టం అవసరం తీరి, బిడ్డ మింగగలిగితే, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. మన అమ్మమ్మలు వాడిన ఆ ముక్కు గిన్నెనే ఈనాడు ఆసుపత్రులలో కూడా వాడుతున్నారు. బిడ్డను ఒళ్లో తల ఎత్తుగా, సగం కూర్చున్నట్టు పట్టుకోండి. గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేలా వంచండి. మింగాక మళ్లీ అందించండి. నోట్లో గుమ్మరించకండి, పొరబోతుంది. నిద్రపోయే బిడ్డకు పట్టకండి.

పాలసీసా కడగడం కష్టం. దాని పీకకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోవచ్చు. ఇందులో నా అనుభవం కూడా ఉంది. నా మొదటి కాన్పులో నర్సునై ఉండి కూడా, మూడో రోజు రాత్రి బిడ్డ ఏడుపు చూడలేక సీసా పట్టాను. ఒక్క రాత్రికే అనుకున్నాను. మూడు వారాలు తిరగకుండా నా పాలు ఇంకిపోయాయి. ఆ రాత్రి నా పక్కన కూర్చుని 'ఇంకొక్కసారి రొమ్ము పట్టించు' అని చెప్పేవారు లేకపోయారు. అందుకే ఇప్పుడు రాత్రి డ్యూటీలో నేను కొత్త బాలింతల దగ్గర కాసేపు ఎక్కువ కూర్చుంటాను.

రొమ్ముకు మళ్లించడం

డాక్టరు అనుమతించగానే బిడ్డను బట్టలు లేకుండా, డైపరు, టోపీలతో మాత్రమే తల్లి గుండెలకు హత్తి కట్టండి. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. తక్కువ బరువు బిడ్డలకు దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 గంటలకు తగ్గకుండా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. బిడ్డకు వెచ్చదనం, తల్లికి పాలు, రెండూ సమకూరుతాయి. తండ్రి కూడా ఇలా ఎత్తుకోవచ్చు. చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కుదిరేది సుమారు 34 వారాలకు. మొదట్లో పాలు పిండేసిన రొమ్ముకు పట్టించి చప్పరించనివ్వండి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి, నల్లని భాగం చాలావరకు నోట్లో ఉంటే బిడ్డ సరిగా పట్టినట్టు.

పాలు చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది? అయిదో రోజు నుంచి 24 గంటల్లో 6 సార్లైనా మూత్రం పోయాలి. పుట్టిన బరువు మొదట కొంత తగ్గి, రెండు వారాల లోపు తిరిగి రావాలి. నెలలు నిండని బిడ్డలకు కొంచెం ఎక్కువ సమయం పట్టవచ్చు.

తల్లి తిండి

బాలింతకు కడుపునిండా తిండి, దాహానికి నీళ్లు ఇవ్వండి. పథ్యం పేరుతో మాడ్చకండి. మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. తెలగపిండి కూర, పాలసొర చేప, మునగాకు, పప్పు, గుడ్డు అన్నీ మంచివే. అయితే పాలు పిండకుండా ఇవి ఎంత తిన్నా లాభం లేదు.

వెంటనే చెప్పవలసినవి

రొమ్ములో ఒకచోట ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి. పాలివ్వడం ఆపకండి, గట్టిగా మర్దన చెయ్యకండి. బిడ్డ మత్తుగా ఉన్నా, తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, మూత్రం తగ్గినా ఒక్క పూట కూడా ఆగవద్దు. ఏదైనా మందు వాడుతున్న తల్లులు, హెచ్.ఐ.వి. ఉన్న తల్లులు డాక్టరు సలహాతో పాలివ్వాలి. తేనె, ఆముదం, పంచదార నీళ్లు బిడ్డ నోట్లో వెయ్యకండి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కరలేదు.

ఇంతకూ ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు. మూడు రోజులు చుక్కలే వచ్చాయి. వాళ్లమ్మ ప్రతి మూడు గంటలకూ లేపి కూర్చోబెట్టేది. నాలుగో రోజు తెల్లవారుజామున గిన్నెలో 30 మిల్లీలీటర్లు చేరాయి. ఆ గిన్నె పట్టుకుని పెద్దావిడే మెట్లెక్కి పైకి వెళ్లింది. 24వ రోజున బిడ్డ 1 కిలో 900 గ్రాముల బరువుతో, తల్లి రొమ్మే తాగుతూ ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు పెద్దావిడ పక్క మంచం మీది కొత్త బాలింత దగ్గర ఆగి, "చుక్కలే వస్తున్నాయా? పిండు తల్లీ, ఆపకు. మా పిల్లకీ అలాగే వచ్చాయి" అని చెప్పి వెళ్లింది.